పరుపుల డాక్టరు ఇంటి పరుపు

మా బావ ఈమధ్య ఎవరైనా ఆవులిస్తే తల దించుకుంటున్నాడు. బస్సులో ఎదుటి సీటావిడ ఆవులించినా, టీ కొట్టు దగ్గర ఎవరో ముసలాయన నోరు తెరిచినా, ఆ పాపం తనదేనన్నట్టు చూపు నేలమీదికి పోతుంది. పక్కనుంచి చూసేవాళ్లకి నవ్వొస్తుంది. నాకూ మొదట వచ్చింది గానీ, కారణం తెలిసినదాన్ని కాబట్టి ఎక్కువసేపు నవ్వలేకపోయాను.

బావంటే మా అక్క భర్త. పెద్ద రోడ్డు మీద పరుపుల షాపులో సేల్స్‌మన్. అదే రోడ్డు చివర నాదొక చిన్న కుట్టుపని కొట్టు. కర్టెన్లు, దిండు గలీబులు కుడతాను, పొడుగు ప్యాంట్లు పొట్టి చేస్తాను. ఆయన షాపులో అందరూ ఆయన్ని ‘పరుపుల డాక్టరు’ అంటారు. వేళాకోళానికి పెట్టిన పేరే, వాడగా వాడగా నిజమై కూర్చుంది. ఆ పేరు వినపడితే బావ పొట్ట కాస్త లోపలికి లాక్కుని నిలబడేవాడు.

డాక్టరు అనడంలో తప్పు లేదు లెండి. మనిషి గుమ్మం దాటి లోపలికొచ్చేలోపే నడక చూసి నడుము సంగతి చెప్పేస్తాడు. పరుపు అంచున కూర్చుని, అరచేత్తో రెండుసార్లు నొక్కి కొనేసేవాళ్లంటే ఆయనకి ఒళ్లుమంట. ‘కూర్చోడానికి కుర్చీలున్నాయి కదండీ’ అని చెప్పులు విప్పించి పడుకోబెడతాడు. ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే పడుకోమంటాడు. వెల్లకిలా పడుకునేవాళ్లని నడుము కింద చెయ్యి దూర్చి చూడమంటాడు. చెయ్యి మరీ సులువుగా దూరిపోతే ఆ పరుపు వాళ్లకి గట్టి, అసలు దూరకపోతే మరీ మెత్తన. పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి భుజం దిగాలి, లేకపోతే తెల్లారేసరికి చెయ్యి తిమ్మిరెక్కుతుంది. భారీ మనిషికి నడుము దిగకూడదు. మొగుడూ పెళ్లాల్లో ఒక్కరే వస్తే మర్యాదగా వెనక్కి పంపేస్తాడు. పరుపు ఒక్కరే కొనొచ్చు గానీ పడుకునేది ఇద్దరు కదా, రెండోవారిని కూడా తీసుకురండి అంటాడు. దీనివల్ల బేరాలు పోతాయని ఓనరు గొణుక్కునేవాడు. పోయిన బేరం ఇద్దరై తిరిగొచ్చేది.

ఈ రోజుల్లో అందరూ అడిగేది హైబ్రిడ్ పరుపు. కింద స్ప్రింగులుంటాయి, ఒక్కోటీ దేని గుడ్డసంచిలో అది, అందుకే ఒకరు దొర్లితే పక్కవాళ్లకి పెద్దగా తెలియదు. వాటి పైన ఫోమో, రబ్బరు పొరో ఉంటుంది. ‘కిందది మోస్తుంది, పైది లాలిస్తుంది’ అనేది బావ సొంత డైలాగు. నిద్ర సుఖమెరగదన్న సామెత కట్టినవాడు ఏనాడూ పరుపుల వ్యాపారం చేసుండడని కూడా అనేవాడు.

ఇంత తెలిసిన మనిషి తన ఇంటికి పరుపు ఎలా కొన్నాడో చెబుతాను.

అప్పటికి మా అక్క కూతురు ఇంకా చంకలో పిల్ల. బావకి నడుం పట్టేసింది. మనిషి చిన్న మనిషి కాదు, ఆయన మెట్లెక్కుతుంటే పైవాటా వాళ్లకి ఎవరొస్తున్నారో తెలిసిపోతుంది. మధ్యాహ్నం జనం లేని వేళల్లో షాపులో ఉన్న పరుపులన్నిటి మీదా పడుకుని చూసుకున్నాడు. అన్నిటికన్నా గట్టి హైబ్రిడ్ ఒకటి ఆయన నడుముకి దివ్యంగా కుదిరింది. పనివాళ్లకిచ్చే ధరకి వస్తోంది, అక్కని ఆశ్చర్యపరచాలనీ అనిపించింది. అక్క ఆసుపత్రి లాండ్రీలో పనిలో ఉండగా పరుపు ఇంటికి తెప్పించి, పాతది తీయించేసి, కొత్త దుప్పటి పరిచి, గుమ్మంలో నిలబడి ఎదురుచూశాడు. రెండోవారిని తీసుకురండి అన్న మాట ఆ రోజు ఆయనకి గుర్తు రాలేదు. ప్రేమతోనే చేశాడు, అందులో నాకు అనుమానం లేదు.

అక్క గాలికి కొట్టుకుపోయేలా ఉంటుంది. పైగా పక్కకి తిరిగి, ముడుచుకుని పడుకునే మనిషి. మర్నాడు పొద్దున్నే భుజం మొద్దుబారిందని చెప్పింది. కొత్త పరుపు కదా, ఒళ్లు అలవాటు పడాలి, ఒక నెల ఓపిక పట్టు అన్నాడు బావ. నెల గడిచాక మళ్లీ చెప్పింది. అది ఇస్త్రీ పని వల్ల అన్నాడు. ఆసుపత్రి దుప్పట్లన్నీ నిలబడి ఇస్త్రీ చేసే మనిషికి భుజం నొప్పి రాక ఏమొస్తుంది? మాట నమ్మేట్టే ఉంది. అక్క నమ్మింది, నేనూ నమ్మాను. ఆ తర్వాత ఆవిడ చెప్పడం మానేసింది. చెప్పడం మానేసింది కాబట్టి తగ్గిపోయిందనుకున్నాడు బావ.

ఇక ఆ పరుపుకి ఆయన చేసిన సేవ చూడాలి. వడ్రంగిని పిలిచి మంచం కింద పట్టీలు దగ్గరదగ్గరగా కొట్టించాడు, మధ్యలో ఇంకో కాలు వేయించాడు. లేకపోతే స్ప్రింగులు కుంగిపోతాయట. సీజను మారినప్పుడల్లా తలవైపుది కాళ్లవైపుకి తిప్పేవాడు. తిరగెయ్యడం మాత్రం మహాపరాధం. హైబ్రిడ్‌కి ఒకటే ముఖం, బోర్లిస్తే స్ప్రింగుల మీద పడుకున్నట్టే అని మా ఇంటికొచ్చిన పాలవాడికి కూడా చెప్పాడు. ఎండలో వెయ్యనిచ్చేవాడు కాదు, రబ్బరు పొర పెళుసెక్కుతుందని. కిటికీ తీసి, ఫ్యాను పెట్టి గాలి పట్టించేవాడు. పిల్లని మంచం మీద గెంతనిచ్చేవాడు కాదు. ఒకసారి పిల్ల గ్లాసుడు నీళ్లు ఒలకబోస్తే తువ్వాలు పట్టుకుని పరిగెత్తాడు, తొడుగు తీసి, అద్ది అద్ది, రోజంతా దాని పక్కనే కూర్చున్నాడు. నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంత హడావిడి లేదే అని అక్క అంటే, నీకు గ్యారంటీ కార్డు లేదు కదా అని నేనే ఎగతాళి చేశాను.

ఆ ఏళ్లలోనే అక్క చిరాకు మనిషైపోయింది. పొద్దున్న లేస్తే గిన్నెల చప్పుడు వీధిలోకి వినపడేది. పిల్ల జడ వేయించుకోవడానికి భయపడి తనే వంకరటింకరగా వేసుకునేది. మాట అంటే చాలు విసుగు. మా ఇంట్లో ప్రెషర్ కుక్కర్లు రెండున్నాయి, ఒకటి మాట్లాడుతుంది అని బావ షాపులో జోకులేసేవాడు. ఆడవాళ్లకి ఒక వయసొచ్చాక అంతేలే అని చుట్టాలు తీర్పు చెప్పేశారు. షాపులో మాత్రం ఆ గట్టి హైబ్రిడ్ అమ్మేటప్పుడల్లా బావ చివరి బాణం ఒకటే: ‘మా ఇంట్లో ఇదే అండీ, మా ఆవిడ దీని మీద తప్ప నిద్రపోదు.’ ఆ మాట తర్వాత బేరం కుదరకపోవడం అరుదు.

ఒక రోజు పిల్ల బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. పిల్ల నా దగ్గరే ఎక్కువ చదువుతుంది కాబట్టి నన్నూ రమ్మన్నారు. అక్క పొద్దుటి డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది. ఇద్దరం కలిసి బావని తీసుకెళదామని షాపుకి వెళ్లాం. అక్క ఆ షాపు గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. ఆయన కళ్లజోళ్ల షాపతన్నీ, అతని భార్యనీ పరుపుల మధ్య తిప్పుతున్నాడు. కాస్త ఆగమని కళ్లతోనే సైగ చేశాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను. అక్క దగ్గర్లో ఉన్న పరుపు అంచున కూర్చుంది. అది కూడా హైబ్రిడే, పైన మందమైన మెత్తటి పొర ఉన్నది. చెప్పులు విప్పి కాళ్లు పైకి పెట్టుకుంది. కాసేపు కళ్లు మూసుకుంటానే అంది. పక్కకి తిరిగింది.

అంతే. గాజు తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, బయట హారన్లు, లోపల ఎవరో దిండ్ల బేరం. అక్క మాత్రం నిద్రపోయింది. నుదుటి మీద ఎప్పుడూ ఉండే ముడి లేదు. నోరు కాస్త తెరుచుకుంది. పిడికిలి బిగించుకుని పడుకునే మనిషి వేళ్లు పసిపిల్ల వేళ్లలా విడిపోయి ఉన్నాయి. పెళ్లికి ముందు ఒకే చాప మీద పడుకున్నదాన్ని, నాకు ఆ నిద్ర తెలుసు. చాలా ఏళ్ల తర్వాత చూస్తున్నానని అప్పుడు తట్టింది.

బావ ఇటు వీపు పెట్టి, గట్టి పరుపు దగ్గర చివరి బాణం వేస్తున్నాడు. మా ఇంట్లో ఇదే అండీ, మా ఆవిడ దీని మీద తప్ప... కళ్లజోళ్లావిడ ఆ మాట వినడం లేదు. భర్త మోచెయ్యి పట్టుకుని అక్కకేసి చూపిస్తోంది. బావ కూడా తిరిగి చూశాడు. నేను ఆయన ముఖం చూశాను. మనుషుల్ని పడుకోబెట్టి చూడటమే పనైన మనిషి, తన భార్య ఎలా పడుకుంటుందో అప్పుడే చూశాడు. భుజం పరుపులోకి దిగి ఉంది, వెన్ను తిన్నగా ఉంది. ఆయనకి వేరే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

"ఆవిడెవరండీ, అంత హాయిగా నిద్రపోతున్నారు?" అని కళ్లజోళ్లావిడ అడిగింది.

ఒక్క క్షణం కింద అన్న మాట ఇంకా బావ పెదాల మీదే ఉంది.

"ఎవరో కస్టమరండి," అన్నాడు.

నేను అక్కకేసి చూశాను. కళ్లు తెరుచుకుని ఉన్నాయి. పైకప్పుకేసి ఒకసారి చూసి మళ్లీ మూసుకుంది. ఈలోగా ఓనరు క్యాబిన్‌లోంచి వచ్చి, ఆవిణ్ణి లేపకండి, షాపుకి ఇంతకన్నా బోర్డేముంటుందని మురిసిపోయాడు. కళ్లజోళ్ల జంట ఆ మెత్తటి పరుపే కావాలంది. బావ బిల్లు రాశాడు. ఎవరూ లేపకుండానే అక్క లేచి, చెప్పులేసుకుని, చీర సర్దుకుని, ముక్కూమొహం తెలియని మనిషిలా గాజు తలుపు తోసుకుని బయటికి నడిచింది. మీటింగులో టీచరు పిల్లని మెచ్చుకుంది. మా ముగ్గురిలో ఎవరమూ ఆ మాట సరిగా వినలేదు.

ఆ రోజు నుంచి బావ తేలుకుట్టిన దొంగలా తిరిగాడు. నోరు విప్పి ఒక్క మాట అనడు, చేతులు మాత్రం ఊరుకోవు. తిప్పాల్సిన సమయం కాకపోయినా పరుపుని తిప్పాడు. అక్క వైపు బొంత మడిచి వేశాడు, అది కొండలా లేచింది. పైన పరుచుకునే పల్చటి ఫోమ్ తెచ్చాడు, అది జారి జారి ఆయన వైపే పోగయింది. నువ్విటు పడుకో నేనటు పడుకుంటానన్నాడు. ఎలా ఉంది అని అడిగితే అక్క ప్రతిసారీ బాగానే ఉందండీ అనేది. తిట్టి ఉంటే బావకి అన్నం సయించేది. ఆవిడ తిట్టడం కూడా మానేసింది.

చివరికి ఒక సాయంత్రం నా కొట్టుకొచ్చి, మిషను పక్కన బల్ల మీద కూలబడ్డాడు. నేను జిప్పు కుడుతూ ఉన్నాను. రంగు దారాల పెట్టెలో దారాలన్నీ చిక్కు తీశాడు, తీసినవి మళ్లీ చిక్కుపెట్టాడు.

"నేనా మాట అన్నప్పుడు మీ అక్క నిద్రలోనే ఉంది కదూ?" అన్నాడు.

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం నిజంగా అబద్ధం చెబుదామనుకున్నాను. ఆ పెద్ద మనిషి బల్ల మీద అంత చిన్నగా కూర్చుంటే చూడలేకపోయాను. కానీ నిద్రలోనే ఉంది అంటే ఆయన ఇంకో ఫోమ్ కొనుక్కుని ఇంటికెళతాడు.

"లేదు బావా," అన్నాను.

ఆయన రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. అక్క ఆ మెత్తటి పరుపు మీద నిద్రపోవడం చూడగానే తప్పెక్కడుందో తెలిసిపోయిందట. తెలిసి కూడా అదే నోటితో ఆ మాట అన్నాడట. ఓనరుకి భయపడ్డానందామంటే ఓనరు అప్పటికి బయటికే రాలేదు. ఇద్దరు కొత్తవాళ్ల ముందు మాట పోతుందని సొంత పెళ్లాన్ని ఎవరో అన్నాను అన్నాడు. ఇన్నాళ్లూ దాని చిరాకు మీద జోకులేసుకుని నవ్వాను, ఆ చిరాకు నేను కొని తెచ్చిందే అన్నాడు. ఊళ్లో వాళ్ల వెన్నులన్నీ సరిచేసి ఇంట్లో మనిషిని గాలికొదిలేశాను అన్నాడు. నేనేమీ ఓదార్చలేదు. అన్నీ నిజాలే, ఓదార్చడానికి ఏముంది? నాతో చెబితే ఏం లాభం, వెళ్లి దానితో చెప్పు అన్నాను.

చెప్పాడు. అక్క గిన్నెలు తోముతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, అటూ ఇటూ తిప్పకుండా, నిన్ను ఎవరో కస్టమర్ అన్నాను, తప్పు చేశాను అన్నాడట. అక్క కుళాయి కట్టేసింది. ఏం జవాబు చెప్పిందో తర్వాత నాతో అంది, ఆ జవాబు విన్నాక బావ మీద నాకున్న కోపం కూడా కాస్త నీరుగారింది.

"కస్టమర్ అన్నందుకు బాధేం లేదండీ. నిజంగా కస్టమర్నే అయ్యుంటే బాగుండేదనిపించింది. ఎలా పడుకుంటావని నన్నూ అడిగేవారు."

ఆ వారంలోనే బావ సెలవు పెట్టి, అక్కని వెంటబెట్టుకుని షాపుకి వెళ్లాడు. నన్నూ రమ్మన్నాడు, ఒంటరిగా వెళ్లే ధైర్యం లేక. ఓనరు ఎదురొచ్చి, ఆ రోజు నిద్రపోయిన మేడం కదా, రండి రండి అన్నాడు. బావ చెవులు ఎర్రబడ్డాయి. ఈవిడ మా ఆవిడండీ, ఆ రోజు చెప్పలేకపోయాను అన్నాడు. షాపులో ఉన్నవాళ్లంతా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఓనరు వెళ్లి ఫ్యాను స్పీడు పెంచాడు.

అక్క తొందరపడలేదు. ఒక్కో పరుపు మీదా పక్కకి తిరిగి, ముడుచుకుని, ఇంట్లోలాగే పడుకుని చూసింది. బావ కాళ్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నచ్చింది దొరికింది, అదే మెత్తటి పొరది. పెద్ద సైజు తీయించబోతుంటే అక్క అడ్డం వచ్చింది. ఒక్కరికి సరిపడేది చాలంది. బావ ఆమెకేసి చూశాడు.

"ఒక్కళ్లకేనా?" అన్నాడు.

"నిద్ర ఎవరిది వాళ్లదే కదండీ," అంది అక్క. కోపంగా అనలేదు. కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది.

పిల్ల చదువుకునే గదిలో కిటికీ పక్కన చిన్న మంచం వేశారు. పరుపు వచ్చిన రోజు బావ అలవాటు కొద్దీ తొడుగు వెయ్యాలి, ఎండలో పెట్టకూడదు అని మొదలెట్టాడు. ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నానుగా అంది అక్క. తర్వాత పిల్లని పిలిచి, ఎక్కి ఒకసారి గెంతవే అంది. పిల్ల తండ్రి మొహం చూసింది. బావ నోరు తెరిచి, మూసేశాడు. పిల్ల గెంతింది.

పెద్ద మంచం మీద ఇప్పుడు బావ ఒక్కడే పడుకుంటాడు. ఆయనకి దివ్యంగా కుదిరిన పరుపే, ఏ లోటూ లేదు, పట్టీలు సరిగా ఉన్నాయి, మధ్య కాలు ఉంది. నిద్ర మాత్రం పట్టడం లేదట. నా దగ్గర చెప్పుకుంటాడు గానీ అక్కతో అనడు, అనడానికి మొహం లేదంటాడు. షాపులో గట్టి పరుపు అమ్మేటప్పుడు ఇంటి ఊసెత్తడం మానేశాడు. బేరాలు కొంచెం తగ్గాయని ఓనరు గొడవ.

మొన్న ఆదివారం పొద్దున్న వాళ్లింటికి వెళ్లాను. బావ కూరగాయలు తరుగుతున్నాడు, ఈమధ్య అడగకుండానే ఇలాంటి పనులు చేస్తున్నాడు. అక్క పిల్లకి జడ వేస్తూ, లాండ్రీలో సూపర్‌వైజరు తన చొక్కా తనే కాల్చుకున్న సంగతి చెబుతోంది. ఆయన నడకా, ఆయన ముక్కుతో మాట్లాడటం అన్నీ చేసి చూపించింది. నేను నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. అక్క కూడా తను చెప్పినదానికి తనే నవ్వుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లింది. చిన్నప్పుడు మా ఇంట్లో రోజూ వినపడిన నవ్వే అది. పిల్ల మాత్రం నవ్వలేదు. సగం వేసిన జడ చేత్తో పట్టుకుని, తల్లి వెళ్లిన వైపే నోరు తెరుచుకుని చూస్తోంది.

"నాన్నా, అమ్మ ముందునుంచీ ఇలాగే ఉండేదా?" అంది.

బావ కత్తి కింద పెట్టాడు. నాకేసి చూశాడు, నేను సాయం చెయ్యలేదు.

"ఇలాగే ఉండేదమ్మా," అన్నాడు.

"మరి మధ్యలో ఏమైంది?"

వయసనీ, ఇస్త్రీ పననీ ఇన్నేళ్లూ అందరికీ చెప్పిన మాటలు బావకి నోటిదాకా వచ్చి ఉంటాయి. వాటిని మింగేశాడు.

"మధ్యలో నేను పరుపు కొన్నానమ్మా," అన్నాడు.